కుంకుడుకాయ నుంచి దోమతెర దాకా: తక్కువ ఖర్చులో సహజ వస్తువులకు మారడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణ ఒడిశాలో గునుపూర్, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు స్థిరపడిన తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్నలు తరచూ వినిపిస్తాయి. ఒకే జవాబు పదిమందికి చెప్పి చెప్పి, చివరికి రాసి పెట్టాను. నేను వైద్యురాలిని కాను. నా రసాయన శాస్త్రం ఇంటర్మీడియట్‌తోనే ఆగిపోయింది. అయిదుగురున్న ఇంటికి నెలనెలా పద్దు రాసే అలవాటు మాత్రం ఉంది. ఎక్కడ డబ్బు మిగిలిందో, ఎక్కడ బోల్తా పడ్డానో రెండూ ఆ పద్దులోనే ఉన్నాయి.

మారాలంటే ముందుగా ఏమి కొనాలి?

ఏమీ కొనవద్దు. నేను చేసిన మొదటి తప్పు అదే. ఒక ఆదివారం ఉత్సాహం పుట్టుకొచ్చి గాజు సీసాలు, వెదురు బ్రష్షులు, ఆకుపచ్చ రంగు డబ్బాల్లో వచ్చే ‘హెర్బల్’ ద్రవాలు ఒకేసారి తెప్పించాను. ఆ నెల ఖర్చు తగ్గకపోగా పెరిగింది. అంతకు ముందున్న షాంపూ సగం సీసా అలాగే మూలన పడింది. పారబోసిన సబ్బు మురుగుకాలువలోకే పోతుంది. వాడి అవగొట్టినా అక్కడికే పోతుంది. కాబట్టి ఉన్నవి అయిపోనివ్వండి. ఏది ముందు అయిపోతే దాని స్థానంలో ఒక్కటి మార్చండి. అది ఇంట్లో అందరికీ అలవాటు పడ్డాకే రెండోదాని జోలికి వెళ్లండి.

ఖర్చు నిజంగా తగ్గుతుందా?

కొన్నిటిలో తగ్గుతుంది, కొన్నిటిలో తగ్గదు. తెలుసుకోవడానికి నేను పాటించే పద్ధతి చాలా చిన్నది. ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేస్తాను. అయిపోయిన రోజు ఎన్ని వాడకాలకు వచ్చిందో లెక్కగట్టి ధరను దానితో భాగిస్తాను. కిలో ధర చూస్తే మోసపోతాం, ఒక్క తలంటుకు ఎంత పడిందన్నది చూడాలి. ఆ లెక్కలో మా ఇంట్లో కుంకుడుకాయ, సున్నిపిండి, చింతపండు, బీరపీచు గెలిచాయి. బట్టల విషయంలో గెలిచింది మామూలు డిటర్జెంటే.

ఇంకో సంగతి కూడా పద్దులోనే బయటపడింది. మిగిలిన డబ్బులో పెద్ద భాగం సహజ వస్తువుల వల్ల రాలేదు, తక్కువ వాడటం వల్ల వచ్చింది. డిటర్జెంట్ డబ్బాలో గుప్పిట తీసేసి చెంచా పెట్టాక పొడి వాడకం బాగా తగ్గింది. బట్టల మురికి పోవడంలో తేడా కనబడలేదు.

కుంకుడుకాయలు, శీకాయ ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి? ఒడియాలో ఏమని అడగాలి?

వారపు సంతలోనే. కుంకుడుకాయను ‘రిఠా’ అని, శీకాయను ‘శికాకాయి’ అని అడగండి. పసుపు ‘హళది’, చింతపండు ‘తెంతుళి’, కానుగ ‘కరంజ’. బిస్సంకటక్ దగ్గర చాటికోనలో బుధవారం జరిగే సంతకు నియమగిరి కొండల నుంచి డోంగ్రియా కోంధులు పసుపు, అల్లం, అనాస తెస్తారు. కొండ మనుషుల దగ్గర నేరుగా కొనేటప్పుడు బేరం మరీ గుచ్చి గుచ్చి ఆడవద్దని నా మనవి. పట్నంలో అట్టపెట్టెలో అమ్మేదానికి నోరెత్తకుండా డబ్బిచ్చి, బుట్టలో తెచ్చినావిడ దగ్గర అయిదు రూపాయలు తగ్గించమనడం మనకు బాగా అలవాటైపోయింది.

సరిహద్దు దాటి సీతంపేట, పార్వతీపురం వైపు వెళ్లే పని ఉంటే అక్కడి గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో చూడండి. 1956లో ఏర్పడిన ఈ సంస్థ కొండ ప్రాంతాల్లో కుంకుడు, శీకాయ, తేనె వంటివి కొని అమ్ముతుంది. జీసీసీ అంటే అందరికీ తెలుసు.

కాయ ఎంచుకోవడం సులువే. బాగా ఎండి, తోలు ముడతలు పడి, ఊపితే లోపల గింజ గలగలలాడాలి. బూజు వాసన వస్తే వద్దు. నురగంతా పై గుజ్జులోనే ఉంటుంది, నల్లటి గింజకు ఆ గుణం లేదు. అందుకే గింజ తీసేసిన పొట్టు దొరికితే ధర కాస్త ఎక్కువైనా లెక్కకు చవక.

కుంకుడుతో తలంటితే జుట్టు గడ్డిలా అవుతోంది. ఎందుకు?

ఎక్కువ వాడుతున్నారు, లేదా చిక్కగా వాడుతున్నారు. కుంకుడులో నురగనిచ్చే పదార్థాలు, అంటే సాపోనిన్లు, మురికితో పాటు నూనెను కూడా పట్టుకుపోతాయి. నూనె బాగా పట్టించిన తలకు ఆ బలం కావాలి. రెండు రోజులకోసారి ఉత్త తల కడిగేవారికి అంత బలం అక్కరలేదు.

మా కొలత చెబుతాను. నడుము దాకా జుట్టున్న ఒక్కరికి పది పన్నెండు కాయలు. వాటిని చితక్కొట్టి, గింజలు తీసి, రాత్రి రెండు గ్లాసుల నీళ్లలో నానబెడతాను. తెల్లారాక పొయ్యి మీద ఒక పొంగు వచ్చేదాకా కాచి, చల్లారాక పిసికి, పాత నూలుగుడ్డలో వడకడతాను. ఆ రసంలో ఒక చెంచా శీకాయ పొడి, నాలుగు మందారాకులు నలిపిన జిగురు కలిపితే ఘాటు తగ్గుతుంది. మందారం లేకపోతే నానబెట్టిన మెంతులు రుబ్బి కలపవచ్చు. వడకట్టడంలో బద్ధకిస్తే పిప్పి జుట్టులో ఇరుక్కుని సాయంత్రం దాకా దులుపుకోవలసి వస్తుంది.

షాంపూలా బుసబుసా నురగ రాదు. నురగ లేకపోతే మురికి పోలేదనుకోవడం మన భ్రమ. మొదటి రెండు మూడు తలంట్లు జిడ్డుగా అనిపించవచ్చు. నెల దాటినా అలాగే ఉంటే మీ జుట్టుకు అది పడలేదని వదిలేయండి, మొండిపట్టు వద్దు.

రసం కంట్లో పడితే మంట భరించలేం. పిల్లలకు తల వెనక్కి వంచి పోయాలి. పడితే ఆగకుండా మంచినీళ్లతో కడగాలి. తీసిన రసం రెండో రోజుకే పులుస్తుంది. ఫ్రిజ్‌లో అయితే అయిదారు రోజులు నిలుస్తుంది. నెలకు సరిపడా కాచి సీసాల్లో దాచుకుందామని నేను ఒకసారి ప్రయత్నించాను. వంటిల్లంతా కల్లు దుకాణంలా వాసన కొట్టింది.

బట్టలకు కుంకుడు సరిపోతుందా?

పట్టుకు, ఉన్నికి భేషుగ్గా సరిపోతుంది. క్షార గుణమున్న సబ్బు పట్టునూలు మెరుపును దెబ్బతీస్తుంది, కుంకుడు రసానికి ఆ దోషం లేదు. బరంపురం పట్టుచీరను చల్లటి కుంకుడు నీళ్లలో ముంచి, పిండకుండా నీడలో ఆరేయండి. రంగు దిగుతుందేమోనని ముందు కొంగు మూల తడిపి చూడటం మరిచిపోవద్దు.

బడి చొక్కా కాలరు, వంటింటి తుడుపుగుడ్డ, పొలం నుంచి వచ్చిన పంచె మాత్రం కుంకుడుకు లొంగవు. వాటికి డిటర్జెంటే వాడండి, కొలిచి వాడండి. బోరు నీళ్లలో సబ్బు నురగ రాక తెల్లటి తెట్టు కడుతుంటే ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువని అర్థం. బకెట్‌కు ఒక చెంచా బట్టల సోడా వేస్తే ఆ లవణాలు విడిపోయి సబ్బు ఆదా అవుతుంది. కానీ పట్టుకు, ఉన్నికి సోడా తగలనివ్వవద్దు.

గిన్నెలు బూడిదతో తోమవచ్చా?

కట్టెల బూడిద అయితే తోమవచ్చు. అందులో ఉండే పొటాషియం కార్బనేట్ జిడ్డును విరగ్గొడుతుంది, మెత్తటి రేణువులు మాడును రాపాడతాయి. జల్లెడ పట్టి వాడండి, లేకపోతే స్టీలు మీద గీతలు పడతాయి. బొగ్గు బూడిద, ప్లాస్టిక్ సంచులు వేసి రాజేసిన పొయ్యి బూడిద వద్దే వద్దు. అల్యూమినియం గిన్నెలు క్షారానికి నల్లబడతాయి కాబట్టి వాటిని మినహాయించండి.

ఇత్తడి, రాగి సామానుకు చింతపండు, ఉప్పు చాలు. పులుపులోని ఆమ్లం పైన పట్టిన ఆక్సైడు పొరను కరిగిస్తుంది. పచ్చడికి పనికిరాని పాత నల్ల చింతపండును నేను దీనికే దాచుతాను. తోమాక వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవకపోతే సాయంత్రానికి మళ్లీ మచ్చలు పడతాయి.

పీచుకు పెరట్లో ముదిరిన నేతిబీర ఉంటే చాలు. తీగ మీదే ఎండనిచ్చి, తోలు వలిచి, గింజలు దులిపి కోసుకుంటే ఒక్క కాయ మూడు పీచులవుతుంది. రోజూ ఎండలో ఆరబెట్టి, నెల తిరిగేసరికి మార్చేయండి. తడిగా సింకులో పడేసిన పీచు ప్లాస్టిక్‌దైనా, బీరకాయదైనా క్రిములకు ఇల్లే.

వంటసోడా, వెనిగర్ కలిపి వాడితే అన్నీ శుభ్రమవుతాయని వీడియోల్లో చెబుతున్నారు. నిజమేనా?

బుడగలు చూడముచ్చటగా ఉంటాయి, అంతే. ఒకటి క్షారం, ఇంకొకటి ఆమ్లం. కలపగానే ఒకదాన్నొకటి చంపుకుని నీళ్లు, కార్బన్ డయాక్సైడు, కాస్త సోడియం అసిటేట్ మిగులుతాయి. విడివిడిగా వాడితే రెండూ పనికొస్తాయి. జిడ్డుకు సోడా, కుళాయి చుట్టూ పేరుకున్న తెల్లటి గారకు వెనిగర్ లేదా నిమ్మరసం. పాలరాయి, మొజాయిక్ నేలల మీద ఏ పులుపూ వేయవద్దు, రాయి మెరుపు పోతుంది.

మరుగుదొడ్డి, బాత్‌రూమ్ సంగతి?

రోజూ బ్రష్షుతో రుద్దితే సగం పని మందు లేకుండానే అవుతుంది. గార పట్టినచోట వారానికోసారి నిమ్మ ఉప్పు నీళ్లు పోసి రాత్రంతా ఉంచండి. ఫినాయిల్ మానేయాలనుకుంటే మానేయవచ్చు, దాని వాసన శుభ్రతకు గుర్తు కాదు.

ఒక్క విషయం మాత్రం ఇంట్లో పిల్లలకు, పనికి వచ్చే అమ్మాయికి కూడా చెప్పి ఉంచండి. బ్లీచింగ్ పౌడర్‌నో, బ్లీచ్ ద్రవాన్నో మరుగుదొడ్డి యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు. క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా ఆమ్లాలే కాబట్టి వాటినీ బ్లీచ్ దగ్గరికి రానివ్వవద్దు.

సబ్బు మానేసి సున్నిపిండి వాడవచ్చా?

ఒంటికి వాడవచ్చు. రెండు వంతుల పెసలు, ఒక వంతు శనగపప్పు, గుప్పెడు బియ్యం, కాస్త కస్తూరి పసుపు, ఎండబెట్టిన నిమ్మతొక్క, నాలుగు వేపాకులు. మరపట్టించి, తడి తగలని డబ్బాలో పెట్టండి. కస్తూరి పసుపు వంట పసుపులా ఒంటికి రంగు అంటించదు. రోజూ గట్టిగా రుద్దితే చర్మం పొడిబారుతుంది, వారానికి రెండు మూడు సార్లు చాలు. జల్లెడ పట్టకపోతే పిండి స్నానాల గది జాలీలో చేరి ముద్దకడుతుంది. మా ఇంట్లో ఆ జాలీ విప్పించడానికి ప్లంబర్‌కు ఇచ్చిన డబ్బుతో రెండు నెలల సబ్బులు వచ్చేవి.

పసుపు మాత్రం కొమ్ములు కొని దంచించుకోండి. విడి పొడిలో రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ మన దేశంలో పాత జబ్బే. కంధమాల్ పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత దగ్గర్లో మంచి కొమ్ము పండుతుంటే రంగుపొడి కొనే ఖర్మ మనకెందుకు?

సబ్బే కావాలంటే అట్ట మీద టీఎఫ్ఎం అనే అంకె చూడండి. అందులో సబ్బుగా మారిన కొవ్వు శాతం ఎంతో అది చెబుతుంది. టాయిలెట్ సబ్బుల్లో మొదటి గ్రేడుకు కనీసం 76 శాతం, రెండో దానికి 70, మూడో దానికి 60 ఉండాలి. ‘బేతింగ్ బార్’ అని రాసి ఉంటే అది వేరే తరగతి. వేప బొమ్మ ఎంత పెద్దదన్నది కాదు, ఈ అంకె ఎంతన్నది చూసి కొన్నాక మా ఇంట్లో సబ్బు ఎక్కువ రోజులు వస్తోంది.

పళ్లకు వేపపుల్ల, బొగ్గు, ఉప్పు వాడితే పేస్టు అక్కరలేదా?

పందుంపుల్ల నమిలి తోముకోవడం మంచి అలవాటే. కానీ పంటి పుచ్చును ఆపే ఫ్లోరైడ్ అందులో ఉండదు. అందుకే మా పిల్లలకు రాత్రి పూట పేస్టు తప్పనిసరి. బఠాణీ గింజంత చాలు, టీవీ ప్రకటనలో చూపించేంత వద్దు. బొగ్గుపొడి, ఇటుకపొడి, గరుకు ఉప్పు పంటి పైపొరను అరగదీస్తాయి. ఒకసారి అరిగిన ఎనామిల్ మళ్లీ రాదు.

గుడాకు పళ్లపొడి కాదు. మన ఇరుగుపొరుగు ఒడియా ఇళ్లలోనూ, ఇటీవల మన ఇళ్లలోనూ పెద్దవాళ్లు తెల్లారగానే వేలితో పళ్లకు రుద్దుకునే ఆ నల్లటి ముద్ద పొగాకు, బెల్లపు మడ్డి కలిపి చేసినది. పేరుకు పళ్లు తోముకోవడం, జరిగేది పొగాకు అలవాటు. అది నోటి క్యాన్సర్‌కు దారితీస్తుంది. మొక్క నుంచి వచ్చిందని మేలు చేస్తుందనుకునేవారికి నేను చూపించే మొదటి ఉదాహరణ ఇదే.

చేతులు కడుక్కోవడానికి బూడిద చాలదా?

సబ్బు లేనిచోట ఉత్త నీళ్లకన్నా బూడిద నయం. ఇంట్లో ఉన్నప్పుడు సబ్బే వాడండి. 2007లో కాశీపూర్ ప్రాంతంలో కలరా ఎంతమందిని పొట్టన పెట్టుకుందో ఈ వైపు వారికి ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. పొదుపు చేయడానికి చాలా చోట్లున్నాయి, పాయిఖానా పక్కన సబ్బు మాత్రం అందులో లేదు.

దోమలకు వేపనూనె, వేపాకు పొగ సరిపోతాయా?

సరిపోవు. ఎక్కువమంది అడిగేదీ, నేను ఎక్కువసేపు వాదించేదీ దీని గురించే.

రాయగడ, కోరాపుట్, గజపతి కొండల్లో మలేరియా పాత శత్రువు. అందులోనూ ఫాల్సిపేరం రకం మెదడుకు ఎక్కితే మనిషి దక్కడం కష్టం. దాన్ని మోసే అనాఫిలిస్ దోమల్లో ఒక జాతి నెమ్మదిగా పారే కొండ వాగుల్లో పెరుగుతుంది. కూలరు నీళ్లు, కొబ్బరి చిప్పల నీళ్లు పారబోస్తే డెంగీ దోమ తగ్గుతుంది. వాగు దోమ తగ్గదు. అది రాత్రి మనం నిద్రపోయేటప్పుడు కుడుతుంది. వేపనూనె కొబ్బరినూనెలో కలిపి రాసుకుంటే కొన్ని గంటలు దోమ దూరంగా ఉండవచ్చు. అర్ధరాత్రి చెమటకు అది తుడిచిపెట్టుకుపోయాక కాపాడేది దోమతెరే.

ప్రభుత్వం పంచే మందు పూసిన దోమతెరలు ఉచితం. ఇంతకన్నా చవకైన దోమల మందు లేదు. అవి సుమారు 20 ఉతుకుల దాకా, మూడేళ్ల వరకు పనిచేసేలా తయారవుతాయి. మాటిమాటికీ ఉతకవద్దు. ఉతికితే మామూలు సబ్బుతో బేసిన్‌లో ఉతికి నీడలో ఆరేయండి. వాగులో, చెరువులో జాడించవద్దు, ఆ మందు చేపలకు విషం. చేపలు పట్టడానికో, పాదుల చుట్టూ కట్టడానికో వాడేవారిని చూస్తే నాకు కోపం ఆగదు.

2017 నుంచి ‘దమన్’ పేరుతో మారుమూల ఊళ్లలో జ్వరం లేనివారికి కూడా రక్తపరీక్ష చేసి మందిస్తున్నారు. జ్వరం వస్తే వేపాకు కషాయంతో కాలక్షేపం చేయకుండా అదే రోజు ఆశా కార్యకర్త దగ్గర పరీక్ష చేయించుకోండి. ఇక వేపాకు పొగ, సాంబ్రాణి పొగ సహజమైనవే అయినా ఊపిరితిత్తులకు పొగ పొగే. ఆస్తమా ఉన్నవారి గదిలో కాయిల్‌ వద్దు, వేపాకు పొగ కూడా వద్దు.

పేలకు సీతాఫలం గింజల పొడి పెట్టవచ్చా?

పెట్టవద్దు. పేలు చస్తాయన్నది నిజమే. ఆ పొడి కణం కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర పుండు పడి చూపుకే ముప్పు వస్తుంది. కిరోసిన్ కూడా వద్దు. తలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించి, రోజు విడిచి రోజు పేలదువ్వెనతో పాయలు పాయలుగా దువ్వండి. ఓపిక కావాలి, ఖర్చు లేదు. ఇంట్లో అందరికీ ఒకేసారి చేయకపోతే వారం తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తుంది.

పసిపిల్లలకు ఏవి వాడవచ్చు?

వీలైనంత తక్కువ. ఇక్కడ ఒడియా ఇళ్లలో ఆవనూనె మర్దన ఆచారం, మనవాళ్లూ నేర్చుకున్నారు. పసిబిడ్డ చర్మానికి ఆవనూనె ఘాటు ఎక్కువ, పైపొరను దెబ్బతీయగలదు. కొబ్బరినూనె మేలు. ఊడని బొడ్డుకు పసుపు, బూడిద, పేడ, నూనె ఏవీ పెట్టవద్దు, పొడిగా ఉంచాలి. కంట్లో కాటుక పెట్టవద్దు. బజారు సుర్మాల్లో సీసం ఉండే ప్రమాదం ఉంది. దిష్టికే అయితే అరికాలికి చుక్క పెట్టి పెద్దవాళ్ల మనసు నిలపండి, మా ఇంట్లో రాజీ అలాగే కుదిరింది.

గోరింటాకుతో తెల్లజుట్టు నల్లబడుతుందా?

నల్లబడదు, ఎర్రబడుతుంది. గంటలో నల్లబరిచే ‘నల్ల గోరింటాకు’ పొట్లాల్లో సాధారణంగా పీపీడీ అనే రసాయనం ఉంటుంది. అది కొందరికి బొబ్బలెక్కిస్తుంది. పెరటి గోరింటాకు రుబ్బుకోండి. నలుపే కావాలంటే ఆ తర్వాత నీలిమొక్క ఆకుపొడి పెట్టాలి, రెండు విడతల పని.

చీపురు, విస్తళ్ల వంటి వాటికి ప్రత్యామ్నాయాలు?

వీటికి ప్రత్యామ్నాయం మన దగ్గరే పుట్టింది. కొండచీపుళ్లు ఈ జిల్లాల నుంచే పట్నాలకు వెళుతున్నాయి. కొత్త చీపురును గట్టిగా దులిపి, ఒక రాత్రి మంచులో ఉంచితే పొట్టు రాలడం తగ్గుతుంది. అడ్డాకుల విస్తళ్లు సంతలో కట్టలుగా దొరుకుతాయి. పూజలకు, పేరంటాలకు ప్లాస్టిక్ పూత పళ్లాలు మానేసి ఇవి కొంటే తిన్నాక ఆవుకో, ఎరువు గుంతకో వేయవచ్చు. కొనేటప్పుడు కుట్లు వెదురు పుల్లలతో వేశారో, స్టేపుల్ పిన్నులతో వేశారో చూసుకోండి.

ఇంట్లో వాళ్లు ఒప్పుకోకపోతే?

మా అత్తగారిది సరిహద్దుకు అవతల పాతపట్నం. ఆవిడకు కుంకుడుకాయ కొత్త కాదు, చిన్నప్పుడు రోలు దగ్గర కూర్చుని చితక్కొట్టిన విసుగు మాత్రం ఇంకా పోలేదు. “మేము వదిలించుకున్న చాకిరీని నువ్వు డబ్బిచ్చి తెచ్చుకుంటున్నావా అమ్మాయ్?” అన్నారు. నా దగ్గర మంచి జవాబు లేదు. చితక్కొట్టడం ఇప్పుడు శనివారం రాత్రి మావారి పని. ఆయన మాత్రం తలకు షాంపూయే వాడతారు. ఆ సీసా మీద కూడా తేదీ వేసి పెట్టాను.